కథలో దారి తప్పితే ఓడిపోయినట్టా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో శనివారం సాయంత్రాలు నలుగురైదుగురు డిగ్రీ పిల్లలతో కూర్చుని ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఆడిస్తుంటాను. బొమ్మలు దాదాపు ఉండవు, అంతా అక్షరాలే. మనం ఒక మాట టైప్ చేస్తేనో, లింకు నొక్కితేనో కథ కదులుతుంది. కొత్తగా వచ్చినవాళ్ల నోట మళ్లీ మళ్లీ వినేవి ఇవి.

అపోహ: సరైన ముగింపు ఒకటే ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి.

ఇది పరీక్షల అలవాటు. కీ చూసుకోకపోతే మనకు నిద్ర పట్టదు. సామ్ బార్లో 1999లో చేసిన 'ఐల్' అనే గేమ్ దీనికి మంచి మందు. సూపర్ మార్కెట్‌లో ఒకతను నిలబడి ఉంటాడు. మీరు ఒకే ఒక్క ఆదేశం ఇస్తారు, కథ అయిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. తొలిసారి ఆడిన అమ్మాయి "సార్, హ్యాంగ్ అయింది" అని ఫోన్ నా చేతికిచ్చింది. ఇంకోటి కొట్టి చూడమన్నాను. అతన్ని ఏడవమంది, నడవమంది, అక్కడున్న ఆవిడతో మాట్లాడమంది. ఒకసారి అతని గతం ఒకలా బయటపడుతుంది, ఇంకోసారి దానికి పొసగనే పొసగదు. తెప్పించిన ఉగ్గాని బజ్జీ చల్లారిపోయింది, తను మాత్రం ఒక్కో ముగింపూ నోట్‌బుక్‌లో రాసుకుంటూనే ఉంది. ఇరవై దాటాక "వీటిలో ఏది నిజం సార్?" అంది. గేమ్ ఆ జవాబు చెప్పదు. నాకు అదే ఇష్టం.

అపోహ: ఎంపిక మారిస్తే కథ మొత్తం మారాలి, లేకపోతే మోసమే.

లెక్క వేయండి. రెండేసి దారులు పదిసార్లు చీలితే 1024 ముగింపులు. రాసేవాడు ఏమైపోవాలి? అందుకే చీలిన దారుల్ని మళ్లీ కలుపుతారు. మీరు చేసినదాన్ని ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకుని ఇంకెక్కడో బయటికి తీస్తుంది. మా పిల్లాడొకడు రాసిన కథలో తాడిపత్రి బస్సు ఎక్కినా, మానినా నాన్న ఫోన్ వస్తుంది. ఎక్కి ఉంటే "యాడికొచ్చినావు?" అంటాడు. ఎక్కకపోతే ఊపిరి మాత్రమే వినిపిస్తుంది. ఆడమ్ కేడర్ 1998లో చేసిన 'ఫోటోపియా' మరీ గడుసుది. దృశ్యాలు ముందువెనకలుగా వస్తాయి, ఒక్కోసారి ఒక్కో మనిషి కళ్లతో చూస్తాం, జరగబోయేదాన్ని మాత్రం ఆపలేం. ఆపాలని తంటాలు పడతాం చూడండి, దాని దుఃఖమంతా అక్కడే ఉంది.

అపోహ: కోడింగ్ రావాలి.

ఆడటానికి అస్సలు అక్కర్లేదు. రాయాలంటే ట్వైన్ అని ఇలాంటి కథలు అల్లే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. మాటకు రెండువైపులా రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే లింకైపోతుంది.

అపోహ: తెలుగులో కుదరదు.

సగం నిజం. లింకులతో నడిచే కథకు ఏ ఇబ్బందీ లేదు. టైప్ చేసి ఆడే రకంతోనే తిప్పలు. ఇంగ్లీషులో 'టేక్ ల్యాంప్' అంటే చాలు. మనకు 'దీపం' కాస్తా 'దీపాన్ని' అవుతుంది, 'దీపంతో' అవుతుంది. ఇక 'తీసుకో' అంటారా, 'తీస్కో' అంటారా, మా వైపులా 'ఎత్తుకో' అంటారా? అన్నీ గేమ్‌కు ముందే నేర్పాలి. నేను చేసిన చిన్న గేమ్‌లో 'ఎత్తుకో' పెట్టడం మరిచిపోయాను. మొదట ఆడింది ధర్మవరం నుంచి వచ్చిన మా అత్త. పది నిమిషాలు ఆ చీకటి గదిలోనే ఉండిపోయి, "నీ గేమ్‌కు తెలుగు రాదురా" అంది.