అపోహలు - వాస్తవాలు: “ట్యాగులన్నీ మాయమైనయి అక్కా, ప్రాసెసర్ కరాబైంది”

మొన్న రాత్రి పదిన్నరకు ఫోన్. హన్మకొండలో మా ఆఫీసులో చేరి నాలుగు నెలలైన అమ్మాయి. “అక్కా, అవుట్‌పుట్‌లో ట్యాగులన్నీ మాయమైనయి, ఉత్త టెక్స్ట్ అంతా ఒకటే ముద్దగా వస్తుంది, ప్రాసెసర్ కరాబైనట్టుంది, పొద్దున్నే ఫైల్ పంపాలె” అంటోంది, గొంతులో ఏడుపు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి (ట్యాగులున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను వేరే రూపంలోకి మార్చే భాష) పనిలోకి వచ్చినప్పటి నుంచి ఇదే మాట వింటున్నాను. చెప్పే మనుషులు మారుతున్నారు, మాట మారట్లేదు. ప్రాసెసర్‌కు, అంటే ఆ మార్పు చేసే సాఫ్ట్‌వేర్‌కు, ఏమీ కాలేదు. టెంప్లేట్‌లో (ఏ ట్యాగు వస్తే ఏం చేయాలో చెప్పే రూల్‌లో) లాజిక్ కూడా సరిగ్గానే ఉంది. ఆ పిల్ల సాయంత్రం నుంచి సరిగ్గా ఉన్న కోడ్‌ను చెరిపి మళ్లీ మళ్లీ రాసుకుంటూ కూర్చుంది. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: టెంప్లేట్ మ్యాచ్ కాలేదంటే నేను టెంప్లేట్ తప్పు రాశాను, లేదా ప్రాసెసర్‌లో బగ్ ఉంది.

వాస్తవం: ముందు నేమ్‌స్పేస్ (ట్యాగు పేరు ఏ కుటుంబానిదో చెప్పే గుర్తు) చూడండి. మిగతావన్నీ తర్వాత.

మన దగ్గర చాలామంది జర్నల్ ఆర్టికల్స్ మీద పని నేర్చుకుంటారు. జాట్స్ (జర్నల్ ఆర్టికల్స్‌కు వాడే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) ఫైళ్లలో మామూలు ఎలిమెంట్లకు, అంటే ట్యాగులతో గుర్తించిన భాగాలకు, నేమ్‌స్పేస్ ఉండదు, కాబట్టి ఏడాది పాటు దాని అవసరమే పడదు. ఒక రోజు ఈపబ్ (ఇ-బుక్) చాప్టర్ చేతికి వస్తుంది. దాని లోపల వెబ్ పేజీల భాషకు ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమైన ఎక్స్‌హెచ్‌టిఎమ్‌ఎల్, మొదటి ఎలిమెంట్‌లోనే ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అని ఒక అడ్రస్. ఆ అడ్రసే నేమ్‌స్పేస్, అది ఇంటిపేరు లాంటిది. గేటు మీద ఒక్కసారి రాస్తే లోపలున్న అందరికీ అదే ఇంటిపేరు, ఒక్కొక్కరి నుదుటి మీద రాయనక్కర్లేదు. ఫైల్‌లో కంటికి ఉత్త ‘పి’ అని కనిపించే ఎలిమెంట్ నిజానికి ఇంటిపేరున్న ‘పి’. మీరేమో మ్యాచ్‌లో (ఏ ఎలిమెంట్ కావాలో టెంప్లేట్ చెప్పే చోట) ఉత్త ‘పి’ అని రాస్తారు, అంటే ఇంటిపేరే లేని ‘పి’ కావాలని అడిగినట్టు. అలాంటి మనిషి ఆ ఇంట్లో లేడు. ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే లేని మనిషిని అడగడం తప్పేమీ కాదు కదా.

మరి ఆ టెక్స్ట్ ముద్ద ఎక్కడిది? ఏ టెంప్లేటూ పట్టుకోని ఎలిమెంట్‌కు భాషలోనే ముందుగా ఒక రూల్ ఉంది: లోపలికి వెళ్లు, టెక్స్ట్ దొరికితే రాసేయ్. అందుకే ట్యాగులు పోయి అక్షరాలు మిగులుతాయి. ముద్ద కనిపించిందంటే టెంప్లేట్లు తప్పుగా పనిచేశాయని కాదు, అసలు ఒక్కటీ పనిచేయలేదని అర్థం.

బాగు చేయడం చిన్న పని. స్టైల్‌షీట్ (టెంప్లేట్లన్నీ ఉండే ఫైల్) పైన అదే అడ్రస్‌కు ఒక ప్రిఫిక్స్, అంటే పేరు ముందు తగిలించే పొట్టి గుర్తు, పెట్టుకుని, మ్యాచ్‌లో, సెలెక్ట్‌లో అన్నిచోట్లా ఆ ప్రిఫిక్స్‌తో రాయండి. ప్రిఫిక్స్ ఏదైనా ఫరవాలేదు, అడ్రస్ ఒకటే ముఖ్యం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 2.0 నుంచి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ అనే యాట్రిబ్యూట్ ఉంది, అది పెడితే ప్రిఫిక్స్ లేకుండానే నడుస్తుంది. యాట్రిబ్యూట్ పేర్లకు మాత్రం ఆ ప్రిఫిక్స్ తగిలించకండి, డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వాటికి వర్తించదు. ఒకటి సరిచేసిన ఉత్సాహంలో అన్నిటికీ ప్రిఫిక్స్ పెట్టేసి, ఈసారి ఐడీలన్నీ పోగొట్టుకున్న వాళ్లను చూశాను.

ఆ అడ్రస్ గురించి ఇంకో మాట. నా రెండో ఏడాదిలో రెండు రాత్రులు పోయాయి దీనికి. ఎక్స్‌హెచ్‌టిఎమ్‌ఎల్ అడ్రస్‌లో 1999 అని సంవత్సరం కూడా ఉంటుంది, మొదట్లో హెచ్‌టిటిపి. టీమ్‌లో ఎవరో సెక్యూరిటీకి మంచిదని అన్ని లింకుల్లోనూ ఒకేసారి హెచ్‌టిటిపిఎస్ అని మార్చేశారు, స్టైల్‌షీట్‌తో సహా. ఒక్క ‘ఎస్’. ప్రాసెసర్ ఆ అడ్రస్‌కు వెళ్లి చూసి రాదు, అక్షరం అక్షరం పోల్చుకుంటుంది అంతే. చివర్లో ఒక స్లాష్ ఎక్కువైనా అది వేరే ఇల్లే. మూడో రోజు పొద్దున కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో, రెండు లైన్లను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంటే కనిపించింది.

“ఎడిటర్‌లో ఎక్స్‌పాత్ టెస్ట్ చేశానక్కా, అక్కడ వస్తుంది, కోడ్‌లో రావట్లేదు” అనేది దీని తమ్ముడే (ఎక్స్‌పాత్ అంటే ఫైల్‌లో ఏ భాగం కావాలో చెప్పే దారి). ఆక్సిజన్ లాంటి ఎడిటర్‌లో పైనున్న ఎక్స్‌పాత్ పెట్టె రూట్ ఎలిమెంట్ డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను తనంతట తాను తీసుకునే సెట్టింగ్ ఉంది. పెట్టె మీకు సాయం చేస్తోంది, స్టైల్‌షీట్ చేయదు. దీని వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ, ఎందుకంటే ఎక్స్‌పాత్ కరెక్టే అని నమ్మకం కుదిరాక ఇక అటు వైపు ఎవరూ చూడరు.

బ్రేక్‌పాయింట్ (కోడ్ నడుస్తూ ఆగాలని మనం పెట్టే గుర్తు) దగ్గర ఆగలేదు కాబట్టి డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) పనికిరాదు అనేది కూడా ఇక్కడే చెప్తాను. టెంప్లేట్ లోపల పెట్టిన బ్రేక్‌పాయింట్ తగల్లేదంటే ఆ టెంప్లేట్ మ్యాచ్ కాలేదని డీబగ్గరే మీకు చెప్తోంది. వేరియబుల్ మీద ఆగకపోతే కారణం వేరు: సాక్సన్ అనే ప్రాసెసర్ అవసరం పడేదాకా దాని విలువ లెక్కకట్టదు, వాడకపోతే అసలే కట్టదు. జావా లాగా పై నుంచి కిందికి లైన్లు నడుస్తాయని ఎదురుచూడకండి.

నేను చేసేది ఇది: మ్యాచ్‌లో ఉత్త నక్షత్రం గుర్తుతో ఒక టెంప్లేట్ పెడతాను. దాని ప్రయారిటీ మైనస్ 0.5, అందుకే మిగతా టెంప్లేట్లు వదిలేసినవే దీనికి చిక్కుతాయి. లోపల మెసేజ్‌లో ఎలిమెంట్ పేరు, నేమ్‌స్పేస్-యుఆర్ఐ రెండూ ప్రింట్ చేసి, కింద అప్లై-టెంప్లేట్స్ పెడతాను (అది మరిచిపోతే లోపలివి కనిపించవు). మోడ్‌లు (ఒకే ఎలిమెంట్‌కు వేరువేరు సందర్భాల్లో వేరువేరు టెంప్లేట్లు) వాడుతుంటే ఆ మోడ్‌కు కూడా పెట్టాలి. ఆ రాత్రి ఫోన్‌లో ఆ అమ్మాయితో ఇదే చేయించాను. మొదటి మెసేజ్‌లోనే పొడుగ్గా అడ్రస్ కనిపించింది, ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఇంకా చెప్పాలంటే ఆమె వాడేది సాక్సన్, సోర్స్ ఫలానా నేమ్‌స్పేస్‌లో ఉంది, మీ రూల్స్ అన్నీ నేమ్‌స్పేస్ లేని ఎలిమెంట్లకే ఉన్నాయి అని అది సాయంత్రమే వార్నింగ్ ఇచ్చింది. వార్నింగే కదా అని ఆ కిటికీ మూసేసింది. మూయకండమ్మా, చదవండి.

మిగతావి గబగబా.

ఎడిటర్‌లో నడిచింది సర్వర్‌లో కూడా నడుస్తుందనేది నిజం కాదు. ఎడిటర్‌లో సాక్సన్, సర్వర్‌లో ఎక్స్‌ఎస్‌ఎల్‌టి‌ప్రాక్ అనే ఇంకో ప్రాసెసర్ ఉంటే, రెండోదానికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 మాత్రమే వచ్చు. వాల్యూ-ఆఫ్ అనే టెక్స్ట్ రాసే ఆదేశానికి నాలుగు నోడ్‌లు (ఉదాహరణకు నలుగురు రచయితల పేర్లు) ఇస్తే 1.0 మొదటిదే రాస్తుంది, 2.0 నాలుగూ రాస్తుంది. ఎర్రర్ లేకుండా ముగ్గురు రచయితల పేర్లు పోతాయి. సిస్టమ్-ప్రాపర్టీతో వెర్షన్ ప్రింట్ చేసి చూసుకోండి.

వేరియబుల్‌లో విలువ మారట్లేదంటారు. మారదు, భాష అంతే. లూప్‌లో కౌంటర్ పెంచే ఆలోచన మానేయండి.

తెలుగు అక్షరాలు పాడైపోయాయని టెన్షన్ పడతారు. ‘త’ బదులు 3108 అనే నంబర్ కనిపిస్తే అది పాడైనట్టు కాదు, అదే ‘త’. అవుట్‌పుట్ ఎన్‌కోడింగ్ ఆస్కీ అని ఉండి ఉంటుంది, యుటిఎఫ్-8 చేయండి.

చివరిది వాట్సాప్‌లో తిరుగుతున్నది. క్రోమ్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టిని తీసేస్తోంది, ఇక మన ఉద్యోగాలు పోయినట్టే అని. తీసేస్తామని 2025లో ప్రకటించిన మాట నిజమే. తీసేది బ్రౌజర్ లోపలున్న ఇంజిన్, అది 1.0 దగ్గరే ఆగిపోయింది. 3.0 వచ్చింది 2017లో, బ్రౌజర్లు దాన్ని ఎప్పుడూ తీసుకోలేదు. మనం రోజూ నడిపేవి సర్వర్ మీద, మన సిస్టమ్‌లో నడుస్తాయి, వాటికి క్రోమ్‌తో పని లేదు. మా దగ్గర ఒక తమ్ముడు ఈ మెసేజ్ చదివి ఇంట్లో చెప్పి, వాళ్ల నాన్న భయపడి నాకు ఫోన్ చేశాడు. ఆయనకు కూడా ఇదే చెప్పాను, బాబు సోమవారం ఈపబ్ బ్యాచ్‌లో కూర్చుంటాడని కూడా.