బ్యాంకాక్ - సింగపూర్ విమానం: దూరం, సమయంపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉండి థాయిలాండ్, సింగపూర్ టూర్లకు టికెట్లు బుక్ చేయడం నా పని. రెండు దేశాలూ కలిపి చూసొచ్చేవాళ్లు బ్యాంకాక్ - సింగపూర్ విమానం దగ్గరే ఎక్కువగా తికమక పడతారు.

అపోహ: వెళ్లడానికి మూడున్నర గంటలు, రావడానికి గంటన్నర.

"అన్నా, పోయే విమానం మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా?" అని తరచూ ఫోన్లు వస్తుంటాయి. ఎక్కడా ఆగదు. టికెట్ మీద బయలుదేరే టైము ఎక్కే ఊరిది, చేరే టైము దిగే ఊరిది. సింగపూర్ గడియారం బ్యాంకాక్ కంటే గంట ముందుంటుంది. ఉదయం 10కి బ్యాంకాక్‌లో బయలుదేరితే దిగేసరికి సింగపూర్‌లో మధ్యాహ్నం 1.25 అవుతుంది. అదే 10కి సింగపూర్‌లో బయలుదేరితే బ్యాంకాక్‌లో 11.25కే దిగుతారు. ఎటు వెళ్లినా ప్రయాణం సుమారు 2 గంటల 25 నిమిషాలే.

మ్యాప్‌లో సింగపూర్ దాదాపు బ్యాంకాక్‌కు నేరుగా దక్షిణాన ఉంటుంది. మరి గంట తేడా ఎందుకు? మలేసియా తన పశ్చిమ భాగం గడియారాన్ని, అప్పటికే బ్యాంకాక్ కంటే అరగంట ముందున్నదాన్ని, తూర్పున ఉన్న తన రాష్ట్రాలు సబా, సరావాక్‌లతో సమానం చేయడానికి ఇంకో అరగంట ముందుకు జరిపింది. సింగపూర్ కూడా 1982 జనవరి 1 నుంచి అదే టైము పాటిస్తోంది. అక్కడ ఉదయం ఏడింటి దాకా తెల్లవారకపోవడానికి కారణం ఇదే.

ఒక కుటుంబం బ్యాంకాక్‌లో 3.25 విమానానికి రెండున్నర గంటలు కలుపుకొని, ఆరింటికల్లా దిగుతామని ఏడుంపావు షోకు టికెట్లు కొనుక్కుంది. దిగేసరికే అక్కడ 6.50. షో పోయింది, డబ్బూ పోయింది. నేను ముందే చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను. అప్పటి నుంచి ప్రతి టికెట్ మీదా రెండు ఊళ్ల టైములూ పక్కపక్కనే రాసిస్తున్నాను.

అపోహ: ఒక్కో సైటు ఒక్కో దూరం చెబుతోంది, అన్నీ తప్పే.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా కొలిస్తే దాదాపు 1,420 కిలోమీటర్లు. దాన్నే మామూలు మైళ్లలో చెబితే 880, విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో చెబితే 765. కొలతలు వేరు, దూరం ఒకటే.

అపోహ: గంటకు 850 కిలోమీటర్ల వేగమైతే గంటా నలభై నిమిషాల్లో చేరాలి.

ఆ వేగం పైకి చేరాకే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంతకన్నా చాలా తక్కువ ఉంటుంది. పైగా టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం మాత్రమే కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే కోసం వరుసలో నిలబడ్డా, ఉరుముల మబ్బులను తప్పించుకుని చుట్టూ తిరిగినా అందులోకే వస్తుంది. అందుకే పెద్ద విమానం ఎక్కినంత మాత్రాన ఈ దారిలో చెప్పుకోదగ్గంత సమయం కలిసిరాదు.

అపోహ: గాలి వల్ల ఒకవైపు బాగా త్వరగా చేరతాం.

అమెరికా, యూరప్ ప్రయాణాల్లో అది నిజం. ఇది భూమధ్యరేఖకు దగ్గరగా, ఉత్తర దక్షిణాలుగా సాగే దారి. తేడా మామూలుగా కొద్ది నిమిషాలే.

అపోహ: బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్ట్ ఒక్కటే.

రెండున్నాయి, సువర్ణభూమి, డాన్ మువాంగ్. సింగపూర్ విమానాలు రెండింటి నుంచీ వెళతాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ట్రాఫిక్‌లో గంట పైనే పట్టొచ్చు. టికెట్ మీద బీకేకే అని ఉంటే సువర్ణభూమి, డీఎంకే అని ఉంటే డాన్ మువాంగ్. క్యాబ్ ఎక్కే ముందు ఆ మూడక్షరాలు డ్రైవర్‌కు చూపించండి.