నెమ్మదస్తులు గూఢచారులు కాలేరా? నూర్ గురించిన అపోహలు - వాస్తవాలు

హామ్ రేడియో (సరదాగా సొంతంగా నడుపుకునే రేడియో) లైసెన్సు కోసం వచ్చేవాళ్లకి మోర్స్, అంటే చుక్కలూ గీతలతో సందేశాలు పంపే పద్ధతి, నేర్పుతుంటాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో బ్రిటన్ తరఫున రహస్యంగా పనిచేసిన నూర్ ఇనాయత్ ఖాన్ పేరెత్తితే చాలు, "అందం చూపించి ఆఫీసర్లని వల్లో వేసుకుందా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లేదు. ఆమె వైర్‌లెస్ ఆపరేటర్. అంతే.

అసలు చేటు చేసే అపోహ వేరే ఉంది. మెత్తటివాళ్లు, భయస్తులు ఇలాంటి పనులకి పనికిరారని.

నూర్ పిల్లల కథలు రాసుకునే మనిషి. బరోడా నుంచి వచ్చిన సంగీత విద్వాంసుడి కూతురు. (ఆయనకి సూఫీ గురువు దొరికింది మన హైదరాబాద్‌లోనే.) చలికి వాచిన వేళ్లతో మోర్స్ కీ (సందేశం కొట్టే మీట) గట్టిగా కొట్టేదని తోటివాళ్లు ఎగతాళి పేరు పెట్టారు. శిక్షణలో ఉత్తుత్తి ఇంటరాగేషన్‌కే బెదిరిపోయింది. ఈమె పనికొస్తుందా అని శిక్షకులే సందేహపడ్డారు. అదే నూర్ 1943 జూన్‌లో ఫ్రాన్స్‌లో దిగింది. పది రోజులు తిరక్కుండానే పారిస్‌లోని ఆమె గూఢచారి నెట్‌వర్క్ నాయకులు పట్టుబడ్డారు. వెనక్కి వచ్చేయమంటే రానంది. సూట్‌కేసులో వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, ఇళ్లు మారుతూ, అక్టోబర్‌లో దొరికేదాకా లండన్‌కి సందేశాలు పంపుతూనే ఉంది.

మా క్లాసులో ఒకమ్మాయి పరీక్ష ముందు, "చెయ్యి వణుకుతోంది సార్, మానేస్తాను" అంది. బాగా టెన్షన్ పడింది, పాపం. చుక్కకీ గీతకీ నిడివి తేడా చెడకపోతే చాలమ్మా, వణికినా అవతలివాళ్లకి అర్థమవుతుందని చెప్పాను. నిమిషానికి ఎనిమిది మాటల పరీక్ష పాసైంది.

ఇంకోటి, కోడ్ ఎవరూ విప్పలేకపోతే ఆపరేటర్ క్షేమమే అనుకోవడం. సందేశం అర్థం కాకపోయినా సిగ్నల్ ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవచ్చు. మా ఫాక్స్ హంట్‌లో పిల్లలు యాంటెన్నా అటూ ఇటూ తిప్పి, శబ్దం సన్నబడే దిక్కు చూసుకుంటూ పొదల్లో దాచిన ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్లిపోతారు. జర్మన్లు ఆ పని వ్యాన్లలో తిరుగుతూ చేసేవాళ్లు.

ఇక నూరే తోటి గూఢచారులందరినీ పట్టించిందన్న పుకారు. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె నోటి నుంచి ఏమీ రాలేదని పారిస్‌లో ఆమెని బంధించిన జర్మన్ అధికారి కీఫరే యుద్ధం తర్వాత చెప్పాడు. జర్మన్లకి దొరికింది సెట్టు, పంపిన సందేశాల నకళ్లున్న నోటుపుస్తకం. వాటితో ఆమె పేరు మీద వాళ్లే సందేశాలు పంపారు. లండన్ నమ్మింది. అలా 1944 ఫిబ్రవరి చివర్లో పారాచూట్ మీద దిగినవాళ్లు నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు. వాళ్లలో ఒకరైన మాడ్లెన్ డామెర్మాన్‌ని, నూర్‌ని, మరో ఇద్దరు మహిళలని 1944 సెప్టెంబర్ 13న జర్మనీలోని డకావ్ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు.