ప్రమోషన్లు, పైరవీలు: అపోహలు - వాస్తవాలు

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. సీనియారిటీ లిస్టులు తయారు చేయడం, డీపీసీకి, అంటే శాఖాపరమైన పదోన్నతుల కమిటీకి, కాగితాలు సిద్ధం చేయడం నా పని. ఇప్పుడు సర్వీసు సమస్యలతో వచ్చేవాళ్లకు అర్జీలు రాసిపెడుతున్నాను. "పైరవీ చేసినవాడికే ప్రమోషనండీ, పనిచేసినవాడికి కాదు" అంటూ మొదలుపెడతారు చాలామంది. అందులో నిజం ఉంది. కానీ వాళ్లు ఆ నిజాన్ని వెతికే చోటు వేరు, అది ఉన్న చోటు వేరు.

అపోహ: అన్యాయమంతా డీపీసీ రోజున జరుగుతుంది.

వాస్తవం: ఆ రోజు కమిటీ ముందు ఉండేవి సీనియారిటీ లిస్టు, ఖాళీల లెక్క, విజిలెన్స్ క్లియరెన్స్ (అవినీతి, క్రమశిక్షణ కేసులేవీ లేవన్న ధ్రువీకరణ), మామూలుగా ఐదేళ్ల ఏపీఏఆర్‌లు (వార్షిక పనితీరు నివేదికలు). అక్కడ కూర్చున్నవాళ్లకు మీ ముఖం కూడా తెలియకపోవచ్చు. నేను చూసినంతలో పక్షపాతం అప్పటికే ఆ ఐదేళ్ల కాగితాల్లోకి ఎక్కి ఉంటుంది.

ఎలా ఎక్కుతుందో చెప్తాను. ఒకే ఏడాది చేరిన ఇద్దరు ఒకే సెక్షన్‌లో ఉన్నారు. సార్‌కు దగ్గరైన మనిషికి కొత్త ప్రాజెక్టు ఫైలు, ఢిల్లీ మీటింగులు. రెండో మనిషికి ఇన్‌వార్డు, పాత బకాయి ఫైళ్లు, ఆర్టీఐ జవాబులు. ఇద్దరూ ఒళ్లు వంచి పనిచేశారు. ఏడాది చివర మొదటివాడి రిపోర్టులో రాయడానికి నాలుగు విజయాలున్నాయి, రెండోవాడికి ఏమీ లేవు. రాసిన ఆఫీసరు ఒక్క అబద్ధం కూడా రాయనక్కర్లేదు! పిల్లల కోసం సెలవు పెట్టి తిరిగొచ్చిన ఆడవాళ్లకు ఇలాంటి సీట్లు అంటగట్టడం నేను పదేపదే చూశాను. ఇప్పటికీ ఆ కోపం పోలేదు నాకు.

మార్కుల్లో ఇంకో సందు ఉంది. చేసిన పనికి 40 శాతం వెయిటేజీ, వ్యక్తిగత గుణాలకు 30, పనిలో సామర్థ్యానికి 30. పని లెక్కను కాగితం చూపించి నిలదీయవచ్చు. "చొరవ తక్కువ, నలుగురితో కలవడు" అన్న మాటను నిలదీయడం కష్టం. ఇష్టాయిష్టాలు దూరేది ఎక్కువగా అక్కడే.

అందుకే సెల్ఫ్ అప్రైజల్‌లో "అప్పగించిన పనులు సంతృప్తికరంగా చేశాను" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఎన్ని ఫైళ్లు, ఎంత బకాయి తగ్గింది, ఏ గడువులోపు చేశారు, అంకెలతో రాయండి. ఏప్రిల్ 15 లోపు మీరు ఇచ్చే ఆ కాగితం ఒక్కటే మొత్తం రికార్డులో మీ గొంతు.

అపోహ: ఏపీఏఆర్‌లో "గుడ్" వచ్చిందంటే ఇబ్బంది లేనట్టే.

వాస్తవం: 10కి 4 నుంచి 6 లోపు అయితే "గుడ్". 6 నుంచి 8 లోపు అయితే "వెరీ గుడ్". పదోన్నతికి బెంచ్‌మార్క్, అంటే ఉండాల్సిన కనీస గ్రేడు, "వెరీ గుడ్" అయితే, 5.9 కూడా అందుకోనట్టే. ప్రమోషన్ లేకపోయినా జీతం పెంచే ఎంఏసీపీకి కూడా 2016 జులై 25 నుంచి "వెరీ గుడ్" కావాలి.

దేవ్ దత్ కేసు ఈ విషయం మీదే. ఆయన బోర్డర్ రోడ్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. 1993-94 రిపోర్టులో "గుడ్" అని ఉంది, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. దాంతో పై పోస్టుకు ఆయన్ను పరిగణించలేదు. 2008 మేలో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని చెప్పింది. అప్పటికి ఆయన రిటైరైపోయారు.

అపోహ: రిపోర్టు రాసేశాక చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: ఆ తీర్పు తర్వాత 2009 మే 14న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మొత్తం ఏపీఏఆర్‌ను ఉద్యోగికి చూపించాలి. అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రిప్రజెంటేషన్ ఇవ్వవచ్చు. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం కూడా దేవ్ దత్ తీర్పునే సమర్థించింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ 15 రోజులూ "సార్‌తో గొడవెందుకు" అని ఊరుకుని, మూడేళ్ల తర్వాత ప్రమోషన్ల ప్యానెల్‌లో పేరు లేదని వస్తారు. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ.

అపోహ: నాకంటే తక్కువ తెలిసినవాడికి వచ్చిందంటే అది పైరవీయే.

వాస్తవం: ముందు మీ పోస్టు రిక్రూట్‌మెంట్ రూల్స్ చదవండి. "సీనియారిటీ-కమ్-మెరిట్" అని ఉంటే కనీస అర్హత ఉన్న సీనియరే ముందు, జూనియర్ ఎంత చురుకైనవాడైనా సరే. రాయలసీమ గ్రామీణ బ్యాంకు ప్రమోషన్ల వివాదంలో, బి.వి. శివయ్య కేసులో, 1998లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. ప్రమోషన్ కోసం మిమ్మల్ని పరిగణించాలని అడిగే హక్కు మీకుంది, ప్రమోషన్ ఇచ్చి తీరాలనే హక్కు లేదు.

అపోహ: గిట్టనివాళ్లు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే ప్రమోషన్ ఆగిపోతుంది.

వాస్తవం: ఉత్తరం ఒక్కటే చాలదు. క్రమశిక్షణ చర్యలో అయితే ఛార్జ్ మెమో, క్రిమినల్ కేసులో అయితే ఛార్జిషీటు ఉంటేనే సీల్డ్ కవర్ (డీపీసీ నిర్ణయాన్ని కవర్లో పెట్టి సీలు వేసి, కేసు తేలేదాకా తెరవకపోవడం) అని 1991 జానకిరామన్ తీర్పు చెప్పింది.

ఒకావిడ పద్నాలుగో రోజు సాయంత్రం వచ్చింది. గ్రేడు 5.7. "చొరవ లేదు" అని రాశారు. ఆ ఏడాది ఆమె క్లియర్ చేసిన పాత పెన్షన్ కేసుల జాబితా, తారీఖులతో సహా, ఆమె డైరీలోనే ఉంది. రాత్రి కూర్చుని రెండు పేజీల రిప్రజెంటేషన్ రాశాం. మర్నాడు ఆఫీసు తెరవగానే ఇచ్చి, కాపీ మీద డేటు స్టాంపు వేయించుకుంది. గ్రేడు 6.5 అయింది. ఆ స్టాంపు ఉన్న కాపీ ఇప్పటికీ ఆమె దగ్గర ఉంది.