మొక్క వయసు ఆకుకి ఎలా తెలుస్తుంది

విశాఖలో మా ఎంవీపీ కాలనీ వీధి చివర పెద్ద ఆస్ట్రేలియా తుమ్మ ఉండేది, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, అదే 2014 అక్టోబర్ 12న పడిపోయింది, దాని పిల్లలు మాత్రం గోడవారన ఇప్పుడు పెద్ద చెట్లే అయిపోయాయి. ఈమధ్య వాటి కింద మెలికలు తిరిగిన కాయలు ఏరుకొచ్చి, నారింజ రంగు దారం వేలాడే ఆ నల్ల గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టి కుండీల్లో వేశా. మొలిచాక అమ్మ చూసి "ఏటే ఇది, చింత మొక్క ఏసావా?" అంది.

అలా అనడంలో తప్పేం లేదు, నిజంగానే సన్న సన్న రెక్కలతో చింతాకులాగే ఉంది. పెద్ద చెట్టుకేమో కొడవలిలా వంగిన పొడవాటి ఆకులు, అసలవి మనం అనుకునే ఆకులు కూడా కావు, ఆకు కాడే వెడల్పయి ఆ రూపం తీసుకుంటుంది. మరి ఇప్పుడు చింతాకు, ఇక నుంచి కొడవలి అని మొక్కకి ఎవరు చెప్తున్నారు?

చెప్పేది మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 అనే చిన్న ముక్క, ఇరవై అక్షరాలకి (అంటే దాని వరసలోని రసాయన ముక్కలకి) అటూఇటూ ఉంటుంది అంతే. జీన్ నుంచి ప్రోటీన్ తయారవ్వాలంటే ముందు జీన్‌కి ఆర్‌ఎన్‌ఏ కాపీ ఒకటి రావాలి కదా, ఈ చిన్న ముక్క ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో కూర్చుని తనకి జత కుదిరే అక్షరాలున్న కాపీని వెతికి పట్టుకుని దాన్ని కోసేయిస్తుంది, లేదా ప్రోటీన్ తయారవకుండా ఆపుతుంది. 156 ఆపేది ఎస్‌పీఎల్ అనే జీన్లని, మొక్కని పెద్దదాన్ని చేసేవి అవే. లేత మొక్కలో 156 బోలెడు ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది, అప్పుడు ఎస్‌పీఎల్ జీన్లకి అడ్డు తొలగి కొత్త రకం ఆకులు మొదలవుతాయి. ముందు ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే బుల్లి మొక్కలో ఇది తేలింది, 2011లో మా చెట్టుకి చుట్టాలైన వేరే అకేసియాల్లో, ఒక జామాయిల్ జాతిలో కూడా ఇలాగే తగ్గుతుందని కొలిచి చూపించారు. మొక్కజొన్నలో కార్న్‌గ్రాస్ అని ఒక రకం ఉంది, దాంట్లో 156 మరీ ఎక్కువగా తయారై మొక్క చిన్నతనంలోనే ఉండిపోయి గడ్డి దుబ్బులా తయారవుతుంది, కారణం 2007లో తెలిసింది.

ఆకులో ఇలాంటి ముక్కలు ఇంకా చాలా ఉన్నాయి, 166 ఆకు అడుగువైపు చేరి ఏది పైవైపో ఏది కిందవైపో తేలుస్తుంది, 164 అంచుల్లో రంపపు పళ్ళు ఎంత లోతుగా రావాలో చూసుకుంటుంది. కానీ నాకు మనసంతా 156 మీదే, ఎందుకంటే అది తగ్గడానికి ఒక కారణం చక్కెర! ముందొచ్చిన ఆకులు ఎండలో వండిన చక్కెర పెరిగితే 156 తగ్గుతుందని 2013లో అరబిడాప్సిస్ మీద పని చేసినవాళ్ళు చూపించారు, అంటే చిన్నాకులే సంపాదించి పెట్టి మొక్కని పెద్దదాన్ని చేస్తున్నాయన్నమాట. ఆ ఆకుల్ని తుంచేస్తే చిన్నతనం ఇంకొన్నాళ్ళు సాగుతుంది. గింజ కట్టేటప్పుడు 156 మళ్ళీ బోలెడు పెరుగుతుంది, అందుకే ఎంత ముసలి చెట్టు గింజైనా చింతాకుతోనే మొదలెడుతుంది.

పోయిన వారం ఒక కుండీలో కాడ వెడల్పయి కొసన మాత్రం ఇంకా చింతాకు రెక్కలున్న ఆకు వచ్చింది, సగం పిల్ల సగం పెద్ద, అమ్మని పిలిచి చూపించా, చాలాసేపు వేలితో తడుముతూ నిలబడింది. పక్క కుండీలో దానికి మొదట వచ్చిన ఆకులు ఆదివారం తుంచేశా, ఏ ఆకు దగ్గర మారుతుందో లెక్కపెట్టాలి.