పోలీసుల కోసం పెట్టిన తలుపులోంచి ఎవరొచ్చారు?

2005 జనవరిలో గ్రీస్‌లో వోడాఫోన్ నెట్‌వర్క్‌లో కొన్ని ఎస్సెమ్మెస్‌లు అవతలివాళ్లకు చేరలేదు. ఫోన్ కాల్స్‌ను కలిపే యంత్రాలను, అంటే స్విచ్‌లను తయారుచేసిన ఎరిక్సన్ కంపెనీ కారణం వెతకడం మొదలుపెట్టింది. చివరికి స్విచ్‌ల లోపల ఎవరో రహస్యంగా దూర్చిన ప్రోగ్రామ్ దొరికింది. ప్రధాని కోస్టాస్ కరమాన్లిస్, ఆయన మంత్రులు, ఏథెన్స్ మేయర్‌తో సహా సుమారు వంద మంది ఫోన్లో మాట్లాడే మాటలకు నకళ్లు తయారై, కొన్ని ప్రీపెయిడ్ నంబర్లకు వెళ్తున్నాయి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నాటికే మొదలైన ఈ వ్యవహారం నెలల తరబడి ఎవరి కంటా పడలేదు.

నన్ను కలవరపెట్టేది ఏమిటంటే, ఆ చొరబాటుదారులు ఫోన్లు వినే ఏర్పాటును కొత్తగా తయారుచేసుకోలేదు. చట్టప్రకారం పోలీసులు వినడానికని ఆ సదుపాయం స్విచ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది. వోడాఫోన్ గ్రీస్ దాన్ని ఇంకా వాడటమే మొదలుపెట్టలేదు. ఎవరి ఫోన్ వింటున్నారో లెక్క రాసిపెట్టే భాగాన్ని కొననే లేదు. అందుకే దొంగలు దాన్ని ఆన్ చేసుకున్నా కంపెనీకి తెలిసే దారి లేకపోయింది.

వాట్సాప్, సిగ్నల్ లాంటి యాప్‌లలోనూ ఇలాంటి దొడ్డిదారి ఉండాలని చాలా ప్రభుత్వాలు అడుగుతున్నాయి. ఈ యాప్‌లలో మెసేజీకి తాళం వేసే, తీసే తాళంచెవులు మన ఫోన్లలోనే పుడతాయి. రెండు ఫోన్లు కొన్ని సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుని, ఎవరి లెక్క వాళ్లు చేసుకుని, ఒకే రహస్య సంఖ్యకు చేరతాయి. తాళంచెవికి ఆధారం అదే. ఇచ్చిపుచ్చుకున్న సంఖ్యలన్నీ మధ్యలో ఎవరైనా చూసినా ఆ రహస్యం మాత్రం అంతుబట్టదు. దీని మూలసూత్రాన్ని డిఫీ, హెల్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1976లోనే ప్రకటించారు. కంపెనీ సర్వర్‌కు మెసేజీ చేరేది అర్థంకాని అక్షరాల గుంపుగా మాత్రమే. పోలీసులు అడిగితే ఇవ్వడానికి కంపెనీ దగ్గర తాళంచెవే ఉండదు. ఉండాలంటే అందరి యాప్‌నూ మార్చాలి. అలా మార్చాక, లోపలికొచ్చింది పోలీసో దొంగో గణితం పోల్చుకోలేదు.

2024లో అమెరికాలో బయటపడిన సాల్ట్ టైఫూన్ చొరబాటులోనూ ఇదే కనిపించింది. చైనా ప్రభుత్వం తరఫున పనిచేస్తున్నారని అమెరికా చెబుతున్న హ్యాకర్లు టెలికాం కంపెనీల్లోకి దూరి, కోర్టు ఆదేశంతో నిఘాలో ఉన్న నంబర్ల సమాచారం దాకా వెళ్లారు. ఆ తర్వాత అమెరికా సైబర్ భద్రతా సంస్థే కీలక పదవుల్లో ఉన్నవాళ్లను ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని యాప్‌లే వాడమంది.

మన దేశంలో ఈ డిమాండ్ వెనక నిజమైన దుఃఖం ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో పాకి, తెలుగు రాష్ట్రాలతో సహా చాలాచోట్ల అమాయకులు మూకల చేతిలో దెబ్బలు తిన్నారు, కొందరు చనిపోయారు. ఒక మెసేజీని మొదట పంపిందెవరో పెద్ద యాప్‌లు చెప్పగలగాలని 2021 ఐటీ నిబంధనలు ఆదేశించాయి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. నా ఉద్దేశంలో ఈ నిబంధన పుకారు పుట్టించినవాణ్ణి పట్టించదు. రేపు ఏ మెసేజీ గురించి అడుగుతారో తెలియదు కాబట్టి, కోట్లమంది పంపే ప్రతి మెసేజీకీ ముందే దాని అక్షరాల నుంచి లెక్కకట్టిన ఒక గుర్తు వేసి దాచాలి. ఎవరైనా ఒక చుక్క మార్చి పంపితే ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది, రికార్డులో మొదటి మనిషి అతనే అవుతాడు.

పుకార్ల వేగాన్ని తగ్గించే పని వేరే దారిలో జరిగింది. 2018లోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి 5 చాట్‌లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజీలను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. దాంతో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించింది. అందుకోసం ఎవరి మెసేజీనీ తెరిచి చదవాల్సిన అవసరం రాలేదు.