‘స్కిప్’ నొక్కితే మనసు రాయైపోయినట్టేనా? – అపోహలు, వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో, ఒడిశాలోని బరంపురంలో కౌన్సెలింగ్ చేస్తాను. ఈమధ్య రకరకాల గొంతుల్లో ఒకటే ప్రశ్న వింటున్నాను. "మేడమ్, ఫోన్లో జబ్బు పిల్లాడి వీడియో వస్తే, స్కిప్ ఎప్పుడొస్తుందా అని బొటనవేలు పెట్టుకుని చూస్తన్నాను. నేనేటి ఇలా అయిపోయాను?" ఇలా అడిగేవాళ్లెవరూ కఠినులు కారు. పక్కింట్లో చావైతే తమ ఇంట్లో పొయ్యి వెలిగించని మనుషులు. నిద్ర పట్టక నా దగ్గరికొస్తారు. ఇది వాళ్లకోసం రాస్తున్నాను. మిగతా అపోహలకు చివర్లో రెండేసి ముక్కలు చాలు.

అపోహ: బాధ చూసి చలించలేదంటే నాలో దయ చచ్చిపోయింది.

వాస్తవం: ముందు ఆ వీడియో ఏమిటో గుర్తు తెచ్చుకోండి. డబ్బు కట్టి వేయించిన ప్రకటన అది. పిల్లాడి జబ్బు నిజమే కావచ్చు, తల్లి కన్నీళ్లూ నిజమే కావచ్చు. అయిదు సెకన్లు కాగానే మీరు దాటేస్తారని తయారుచేసినవాళ్లకు తెలుసు. అందుకే ఏడుపంతా ఆ అయిదు సెకన్లలోనే కూరుతారు. దాని వెనక సబ్బు, సబ్బు వెనక నగల కొట్టు, మళ్లీ ఇంకో పిల్లాడు. మన సరిహద్దువాళ్లకు ఈ పోటు రెండు వైపుల నుంచీ ఉంది. మా ఊళ్లో కోర్టుపేటలో, టాటా బెంజ్ కూడలిలో హోర్డింగులు ఒడియాలో అరుస్తాయి, ఇంటికొస్తే తెలుగు ఛానెళ్లు అందుకుంటాయి. పొద్దస్తమానం తలుపు కొడుతూనే ఉంటే ఎవరైనా గడియ పెట్టుకుంటారు. మీ బొటనవేలు చేస్తున్నదీ అదే.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఎదుటివాడి నొప్పి మనకూ అంటుకుని మెలిపెట్టడం ఒకటి. వాడికి మేలు జరగాలని కోరి చెయ్యి సాచడం ఇంకొకటి. జర్మనీలో మెదడు శాస్త్రవేత్త తానియా సింగర్ బృందం ఈ రెంటినీ విడదీసి చూసింది. ఎదుటివాళ్ల బాధను తమలోకి తీసుకోవడంలో శిక్షణ పొందినవాళ్లు బాధలో ఉన్నవాళ్ల వీడియోలు చూసి మరింత కుంగారు. తర్వాత వాళ్లకే కరుణలో శిక్షణ ఇస్తే, అంటే మేలు కోరడం సాధన చేయిస్తే, తేరుకున్నారు. బాధ కనబడకుండా పోలేదు, దాన్ని చూస్తూ నిలబడే బలం వచ్చింది. మెదడులో పనిచేసిన భాగాలు కూడా వేరేవే. కాబట్టి కళ్లు చెమ్మగిల్లడం దయకు కొలమానం కాదు.

ఈ అపోహ ఖరీదు ఎంతో చెప్తాను. భర్త సూరత్ మగ్గాల్లో పనిచేసే ఒకామె (వివరాలు కొంచెం మార్చాను) తనకిక మనసు లేదని తీర్మానించేసుకుంది. తోటికోడలికి ఆపరేషనైతే చూడ్డానికి వెళ్లలేదు. "వెళ్తే ఏడుపు రాదు, నటించలేను" అంది. రెండు వీధుల దూరం. ఫోన్లో ముక్కూమొహం తెలియని పిల్లలకోసం అపరాధ భావంతో డబ్బు పంపుతోంది, అవతల సొంత మనిషి మంచం మీద ఎదురుచూస్తోంది. ఏడవక్కర్లేదు, చారు పట్టుకెళ్లి కాసేపు కూర్చుని రమ్మన్నాను. వెళ్లొచ్చి, "ఏడుపైతే రాలేదు మేడమ్, జడేసొచ్చాను" అంది. ఇంతకంటే కరుణ నాకు తెలియదు.

మన దయను గాలానికి ఎరగా వాడుతున్నారన్నది నా అనుమానం మాత్రమే కాదు. 2023 నవంబరు 30న కేంద్రం 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్‌’లను, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే ఎత్తులను, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు చెప్పకుండా బిల్లులో దానం కలిపేయడం, వద్దంటే సిగ్గుపడేలా రాయడం రెండూ వాటిలో ఉన్నాయి. అలాంటిది ఎదురైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. విరాళం ఇవ్వదలిస్తే నెల మొదట్లోనే ఇంత అని తీసిపెట్టుకోండి. వీడియో చూస్తూ నిర్ణయించకండి, ఒక రాత్రి ఆగండి. వీలైతే నేరుగా ఆస్పత్రి ఖాతాకే కట్టండి. పక్కింటాయనకు ఆయుష్మాన్ కార్డు ఉందో లేదో కనుక్కుని, లేకపోతే ఆఫీసు దాకా తోడెళ్లడం కూడా దానం కిందే లెక్క.

దయ మాట వచ్చింది గనక, విశాఖ నుంచి చుట్టాలొస్తే నేను గోపాలపురం బీచ్ కంటే ముందు జౌగడ తీసుకెళ్తాను, తిట్టుకుంటూ వస్తారు. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య దాటితే అశోకుడి శాసనం ఉన్న కొండ. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట అక్కడిదే. నాకు అంతకంటే నచ్చేది, సమాపా నగరంలోని తన అధికారులకు చెప్పిన హెచ్చరిక. మనిషిని న్యాయంగా నడుచుకోనివ్వనివి ఏవో ఏకరువు పెట్టాడు: అసూయ, ముక్కుమీద కోపం, కాఠిన్యం, తొందర, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. అలసట! క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే దాన్ని జాబితాలో పెట్టాడు. అసూయ, తొందర అయితే నేటి ప్రకటనలకు పెట్టుబడి.

అపోహ: నా దగ్గర ఆ వస్తువు లేదు, అందుకే అశాంతి.

వాస్తవం: చాలాసార్లు ముందు అశాంతిని పుట్టించి, తర్వాత వస్తువు చూపిస్తారు. అక్షయ తృతీయనే చూడండి. ఇక్కడ ఒడియా రైతు ఆ రోజు గుప్పెడు విత్తనాలు పొలంలో చల్లి సేద్యం మొదలుపెడతాడు, అఖి ముఠి అంటారు. పూరీలో రథాల పని మొదలయ్యేదీ ఆ రోజే. మన తెలుగిళ్లలో మాత్రం టీవీ చూసి, గ్రాము బంగారమైనా కొనకపోతే అరిష్టమని కుమిలిపోతారు. వాయిదాల మీద కొని, ఆ వాయిదాల గురించి నా దగ్గర ఏడ్చినవాళ్లున్నారు. పొరుగింటి కొత్త కారు చూస్తే కడుపు మండుతుందా? పతంజలి దానికి మందు చెప్పాడు: సుఖంగా ఉన్నవాడితో మైత్రి, దుఃఖంలో ఉన్నవాడిపై కరుణ, మంచి చేసేవాడిని చూసి ముదిత అంటే సంతోషం, చెడ్డవాడి పట్ల ఉపేక్ష. కారు కొన్నవాడికి స్వీటు తీసుకెళ్లి చూడండి. మొదట చేదుగానే ఉంటుంది.

అపోహ: ఫోన్ మన మాటలు వింటోంది, అందుకే ప్రకటనలొస్తున్నాయి.

అది ఇంతవరకు రుజువు కాలేదు. మీరు వెతికినవి, తిరిగిన చోట్లు, కొన్నవి చాలు దానికి. సెట్టింగ్స్‌లో యాడ్ పర్సనలైజేషన్ ఆపేయండి, వాట్సాప్‌లో ఈ పుకారు ఫార్వర్డ్ చేయడం మానండి.

అపోహ: ప్రకటనలు నామీద పనిచేయవు.

మీ ఇంట్లో సబ్బు పేరేమిటి?

అపోహ: ప్రశాంతత కావాలంటే ఫోన్ పారేయాలి, లేదా ఆశ్రమానికి పోవాలి.

సూరత్‌లో భర్త ఉన్నావిడకు ఫోన్ పారేయమని చెప్తారా? నోటిఫికేషన్లు ఆపండి, పడుకునే గదిలోకి తేకండి. అంతే. ఇక ప్రశాంతత కోర్సులు, రాళ్ల బ్రేస్‌లెట్లు కూడా ప్రకటనలుగానే మీకు చేరాయి.

వారాల తరబడి నిద్ర లేకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే మాత్రం దాన్ని ప్రకటనల మీదకు నెట్టకండి. అది వేరే సంగతి, దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనైనా ఒడియాలోనైనా మాట్లాడొచ్చు.